మనిషికింత అని కార్బన్ కోటా పెడితే ఒప్పుకుంటారా?

#1 | నీలిగోళం
భూతాపం మీద ఇక్కడ చాలా చర్చలు జరిగాయి. ఒక్క ప్రతిపాదన గురించి మాత్రం ఎవరూ సూటిగా మాట్లాడలేదు. అదే వ్యక్తిగత కార్బన్ కోటా. ఈ ఏడాది దేశం మొత్తం ఇన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి మించి వదలకూడదని ముందే హద్దు గీస్తారు. అందులో ఇళ్ల ఇంధనం, కరెంటు, సొంత ప్రయాణాల కిందికొచ్చే వాటాను పెద్దవాళ్లందరికీ సమానంగా, ఉచితంగా పంచుతారు. మిగతా వాటాను కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు వేలంలో కొనుక్కోవాలి. పెట్రోలు కొట్టించినా, గ్యాసు బిల్లు కట్టినా డబ్బుతోపాటు మన ఖాతాలోంచి కార్బన్ యూనిట్లు కూడా కోసుకుపోతాయి. మిగిలితే అమ్ముకోవచ్చు, చాలకపోతే కొనుక్కోవాలి. హద్దు మాత్రం ఏటేటా కిందికి దిగుతూనే ఉంటుంది.

నిన్నో మొన్నో పుట్టిన ఊహ కాదిది. బ్రిటన్‌లో ఆర్థికవేత్త డేవిడ్ ఫ్లెమింగ్ 1996లోనే ప్రతిపాదించారు. 2006లో అక్కడి పర్యావరణ మంత్రి డేవిడ్ మిలిబాండ్ ఒక ఉపన్యాసంలోనే దీని గురించి మాట్లాడారు. 2008 మేలో ప్రభుత్వ శాఖ ప్రాథమిక అధ్యయనం ముగించి, ప్రజలు ఒప్పుకోవడానికీ ఖర్చు దిగిరావడానికీ ఇంకా సమయం పడుతుందంటూ పక్కన పెట్టేసింది. అదే నెలలో పార్లమెంటు పర్యావరణ కమిటీ మాత్రం ఈ ఆలోచనను వదలొద్దని గట్టిగా చెప్పింది.

నేను దీనికి అనుకూలం. తగ్గించుకుందాం, తగ్గించుకుందాం అని ఒకరికొకరం చెప్పుకోవడంతో మూడు దశాబ్దాలు గడిచిపోయాయి. హద్దు అంటూ ఒకటి ఉండాలి, దాన్ని అందరం సమానంగా పంచుకోవాలి. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

#2 | తెరిచిన కిటికీ
నేను ఒప్పుకోను. ఈ రోజు ఇంధనం లెక్క, రేపు తిండి లెక్క, ఎల్లుండి బట్టల లెక్క. నేను ఎక్కడికి వెళ్లాలో, ఇంట్లో ఎంత వెచ్చదనం ఉండాలో ఒక శాఖ నిర్ణయించే రోజును నేను కోరుకోను. వాతావరణ మార్పు నిజం కాదని నేననడం లేదండీ, ఆ విషయంలో నాకు అనుమానమే లేదు. కానీ అత్యవసరం పేరుతో వచ్చిన అధికారం అత్యవసరం తీరాక వెనక్కి పోదు.

#3 | చరిత్రపురుగు
కిటికీ గారూ, వెనక్కి పోయిన సందర్భం ఒకటి ఉంది, కాకపోతే చాలా ఆలస్యంగా పోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో పెట్రోలు రేషన్ 1939 సెప్టెంబరులో మొదలైంది. 1940 జనవరి 8న బేకన్, వెన్న, చక్కెరలకు కూడా వచ్చింది. 1941 జూన్‌లో బట్టలకూ కూపన్లు పెట్టారు. యుద్ధం 1945లో ముగిసినా, ఆహార రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954 జూలైలో. యుద్ధమంతా రేషన్ లేని బ్రెడ్డుకు, యుద్ధం ముగిశాక 1946లో రేషన్ పెట్టి రెండేళ్లు నడిపారు. కాబట్టి మీ భయానికి ఆధారం లేకపోలేదు.

కానీ అదే చరిత్రకు ఇంకో ముఖం ఉంది. ఆ రోజుల్లో జనం రేషన్‌ను భరించారంటే దేశభక్తి ఒక్కటే కారణం కాదు. ధరలు పెరగనిచ్చి ఊరుకుంటే ఉన్నవాళ్లు తింటారు, లేనివాళ్లు పస్తులుంటారని అందరికీ అర్థమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రేషన్ ఆలస్యంగా, 1918కి గానీ రాలేదు. ఈలోపు దుకాణాల ముందు బారులు, కోపాలు చూశారు గనుక రెండోసారి మొదట్లోనే పెట్టారు. సరుకు ఎలాగూ తక్కువే. దాన్ని ఎవరు పంచాలి, డబ్బా, చట్టమా అన్నదే అప్పుడు జనం ముందున్న ప్రశ్న.

అమెరికాలో 1942లో దేశమంతటా పెట్రోలుకు రేషన్ పెట్టింది పెట్రోలు లేక కాదు, రబ్బరు లేక. ఆగ్నేయాసియా రబ్బరు తోటలు జపాన్ చేతిలో పడ్డాయి, టైర్లు అరగకుండా చూడాలి. అందుకే కారు అద్దాలకు ఏ, బీ, సీ స్టిక్కర్లు వచ్చాయి, వేగం గంటకు 35 మైళ్లకు మించకూడదన్నారు. మనిషి అవసరాన్ని బట్టి స్టిక్కర్. అందరికీ సమానం అన్న సూత్రం అక్కడ లేదు. ఎవరి అవసరం ఎంత అన్నదాని మీదే తగాదాలన్నీ నడిచాయి.

#4 | అంకెల మేస్త్రి
ఏ స్థాయి కోత గురించి మాట్లాడుతున్నామో ముందు అంకెల్లో చూద్దాం. బొగ్గు, చమురు, గ్యాసు, సిమెంటు నుంచి ప్రపంచం ఏటా వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్. 800 కోట్ల మందికి పంచితే తలకు నాలుగున్నర టన్నుల పైచిలుకు. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోలు, డీజిలైతే 2.7 కిలోలు. లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లి రావడానికి ఎకానమీ టికెట్టు మీద మనిషికి సుమారు ఒక టన్ను. అంటే ఆ ఒక్క ప్రయాణంలోనే ప్రపంచ సగటు మనిషి ఏడాది వాటాలో అయిదో వంతు పోతుంది. ఇది ఇప్పటి సగటు, తగ్గించాల్సిన సగటు కాదు.

పేదరికం మీద పనిచేసే ఆక్స్‌ఫామ్ సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో పై 10 శాతం మంది మొత్తం ఉద్గారాల్లో దాదాపు సగానికి కారణం. విమానాల్లో ఇది మరీ ఎక్కువ. 2018 లెక్కలతో చేసిన ఒక అంచనాలో జనాభాలో 1 శాతం మందే వాణిజ్య విమానయాన ఉద్గారాల్లో సగానికి బాధ్యులు. తలా ఇంత అని సమానంగా పంచితే మొదట తగిలేది ఎవరికో దీన్నిబట్టి చూడండి.

#5 | పన్ను పంపిణీ
ఇదంతా ఒప్పుకుంటూనే అడుగుతున్నా, అందుకోసం కోట్లాది ఖాతాలు తెరవడం ఎందుకు? కార్బన్ పన్ను వేసి, వచ్చిన డబ్బును తలకింత అని సమానంగా వెనక్కి ఇచ్చేస్తే సరిపోతుంది. తక్కువ వాడినవాడికి లాభం, ఎక్కువ వాడినవాడికి నష్టం, ఫలితం అదే. 2008 నాటి ఆ బ్రిటన్ అధ్యయనమే కోటా ఏర్పాటుకు 70 కోట్ల నుంచి 200 కోట్ల పౌండ్లు, ఏటా నడపడానికి మరో 100 నుంచి 200 కోట్ల పౌండ్లు అవుతుందని అంచనా వేసింది. పన్నుకు ఇందులో వీసమెత్తు ఖర్చు కూడా ఉండదు. వసూలు వ్యవస్థ ఎలాగూ ఉంది.

#6 | చరిత్రపురుగు
> పన్ను వేసి, వచ్చిన డబ్బును తలకింత అని సమానంగా వెనక్కి ఇచ్చేస్తే సరిపోతుంది

కాగితం మీద నాకూ నచ్చుతుంది. కెనడా 2019లో సరిగ్గా ఇదే చేసింది. ఇంధనం మీద రుసుము, దాంట్లో ఎక్కువ భాగం కుటుంబాలకే వాపసు. వాపసు డబ్బు ఖాతాలో పడుతున్నా జనానికి గుర్తున్నది బంకు దగ్గర పెరిగిన రేటే. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ వినియోగదారు రుసుమును సున్నా చేసేశారు. ఫ్రాన్స్‌లో 2018 నవంబరులో పసుపు చొక్కాల నిరసనకారులు రోడ్డెక్కింది డీజిల్ పన్ను మీద. అక్కడ వాపసు కూడా లేదు. పైగా అంతకు కొద్ది నెలల ముందే సంపన్నుల ఆస్తి పన్నును చాలావరకు ఎత్తేశారు. డిసెంబరు కల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

పన్నులో ఇంకో చిక్కుంది. ధర ఎంతో మనం నిర్ణయిస్తాం, ఉద్గారాలు ఎంత తగ్గుతాయో ఎదురుచూస్తాం. కోటాలో ఎంత తగ్గాలో మనం నిర్ణయిస్తాం, ధర ఎక్కడ తేలుతుందో ఎదురుచూస్తాం. వాతావరణానికి పట్టింపు టన్నులతోనే.

#7 | అద్దెకుంటున్నా
ఇన్ని అంకెలు చదివాక నా ప్రశ్న చాలా మామూలుది. మేముండేది అద్దె ఇంట్లో. హీటరు పాతది, కిటికీ చట్రాల సందుల్లోంచి చలిగాలి లోపలికి వస్తుంది, గోడలకు వేడి బయటికి పోకుండా ఆపే ఇన్సులేషన్ లేదు. ఓనరుకు చెప్పి చూశాం, వేరే ఇల్లు చూసుకోమన్నాడు. బిల్లు కట్టేది మేము కాబట్టి ఆయనకు పట్టదు. రేపు కోటా వస్తే ఆ ఇంటి లోపాలన్నిటికీ యూనిట్లు పోయేది నా ఖాతాలోంచే. పక్క వీధిలో సొంతిల్లు ఉన్నాయన పైకప్పు మీద సోలార్ పెట్టించుకుని మిగిలిన యూనిట్లు నాకే అమ్ముతాడు. అంటే నేను నెలనెలా ఆయనకు డబ్బు కడతానన్నమాట. దీన్ని సమానం అని నాతో ఎవరూ ఒప్పించలేరు.

#8 | మేఘమాల
నాదీ ఇదే ప్రశ్న. అద్దె గారు చెప్పింది మా ఇంటి కథే.

#9 | అంకెల మేస్త్రి
అద్దె గారూ, ఆ అధ్యయనాల్లో దీనికి దగ్గరి అంకె ఉంది. బ్రిటన్‌లో సమాన కోటా పెడితే తక్కువ ఆదాయపు కుటుంబాల్లో 71 శాతం లాభపడతాయనీ, ఎక్కువ ఆదాయపు కుటుంబాల్లో 55 శాతం నష్టపోతాయనీ 2008లో లెక్కగట్టారు. మొత్తమ్మీద పేదలకు అనుకూలమే. కానీ మిగిలిన 29 శాతం పేద కుటుంబాల పరిస్థితి మీలాంటిదే. పాత ఇళ్లు, చమురుతో నడిచే హీటర్లు, బస్సు రాని పల్లెలు. వాళ్లు ఎక్కువ వాడుతున్నారంటే విలాసం కోసం కాదు, వేరే దారి లేక.

#10 | తాళంచెవి
ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. ఎప్పుడు పెట్రోలు కొట్టించాను, ఏ బంకులో, రాత్రి ఎన్ని గంటల వరకు ఇంట్లో కరెంటు వాడాను, ఇదంతా ఒకే ఖాతాలో పోగుపడితే నా జీవితం మొత్తం తెరిచిన పుస్తకమే. బ్యాంకు దగ్గర డబ్బు జాడ మాత్రమే ఉంటుంది. ఇది నా ఒంటి వెచ్చదనం జాడ. అలాంటి ఖాతా ఎవరి చేతిలో ఉన్నా నేను నమ్మను, ప్రభుత్వమైనా, కంపెనీ అయినా.

#11 | నీలిగోళం
తాళంచెవి గారూ, ఫ్లెమింగ్ పద్ధతిలో దీనికో దారి ఉంది. యూనిట్లు ఖాతాలో పడగానే అన్నీ ఒకేసారి అమ్మేసుకోవచ్చు. ఆ తర్వాత బంకులో యూనిట్ల ధర కూడా కలిపి డబ్బే కట్టొచ్చు, ఏ కార్డూ చూపించక్కర్లేదు. విదేశీ పర్యాటకులు కూడా అలాగే కొనాలి కదా. అప్పుడు మీ జాడ ఎవరి దగ్గరా ఉండదు. ఇంకో సంగతి, ఆయన పద్ధతిలో యూనిట్లు పోయేది ఇంధనం, కరెంటు కొన్నప్పుడే. చొక్కా కొన్నా, పుస్తకం కొన్నా ఖాతాలో ఏమీ కదలదు. వాటి కార్బన్ లెక్క తయారుచేసే కంపెనీ దగ్గరే తేలిపోతుంది, కంపెనీ కూడా యూనిట్లు కొనుక్కునే ఇంధనం తెచ్చుకోవాలి గనుక.

#12 | రాత్రి డ్యూటీ
ఇంటి దగ్గర రోగులను చూసుకునే పని నాది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఆక్సిజన్ యంత్రం రాత్రింబవళ్లు ఆడాలి. 350 వాట్ల యంత్రం రోజంతా ఆడితే ఎనిమిది యూనిట్ల పైన కరెంటు. చలికాలంలో వృద్ధుల గది వెచ్చగా లేకపోతే గుండె మీద భారం పడుతుంది. వీళ్లను సగటు మనిషి కోటాలో కూర్చోబెడతారా? మినహాయింపు ఇస్తామంటారు, తెలుసు. ఆ మినహాయింపు కోసం జబ్బుమనిషి ఏటా ఏ కార్యాలయం గడప ఎక్కాలి, ఏ కాగితం చూపించాలి? నేను రోజూ చూసే మనుషులు మంచం మీంచి లేవలేరు. మీ పథకంలో మొదటి పేజీలో వీళ్లుండాలి. చివరి పేజీ అనుబంధంలో కాదు.

#13 | తెరిచిన కిటికీ
రాత్రి డ్యూటీ గారు చెప్పిందే నా భయానికి అసలు రూపం. మినహాయింపులు ఇవ్వకపోతే క్రూరం. ఇస్తే అవసరాలను తూచే అధికారి పుడతాడు. పైన చెప్పిన స్టిక్కర్ల తగాదా మళ్లీ మొదలు. పిల్లల సంగతీ అంతే. పిల్లలకు వాటా ఇవ్వకపోతే పెద్ద కుటుంబాలు నలుగుతాయి, ఇస్తే సంతానానికి బహుమతి అంటారు.

#14 | బట్టీ కార్మికుడు
నేను ఉక్కు కర్మాగారంలో పనిచేస్తాను. మీ చర్చ మొత్తం ఇంటి స్విచ్చు చుట్టూ, కారు ట్యాంకు చుట్టూ తిరుగుతోంది. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్‌లో ఉక్కు వాటా 7 శాతం దగ్గర, సిమెంటు వాటా కూడా కాస్త అటూఇటూగా అంతే. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుప ఖనిజంలోంచి ఆక్సిజన్ లాగేది బొగ్గు నుంచి తయారయ్యే కోక్. అది కాలినకొద్దీ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది నా ఇంటి అలవాటు వల్ల మారదు. హైడ్రోజన్‌తో ఇనుము తీసే పద్ధతి ఉంది, పాత ఉక్కును కరెంటు బట్టీలో కరిగించే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. వాటికి పెట్టుబడి కావాలి, ఆ నిర్ణయం నా చేతిలో లేదు, ఇక్కడ ఎవరి చేతిలోనూ లేదు.

2020లో సగం ప్రపంచం తలుపులేసుకుని ఇంట్లో కూర్చుంది. విమానాలు ఆగాయి, రోడ్లు ఖాళీ. ఆ ఏడాది ఉద్గారాలు తగ్గింది సుమారు 5 శాతం. మిగతా 95 శాతం మనం ఇంట్లో కూర్చున్నా వస్తూనే ఉంది. మీ కార్బన్ పాదముద్ర, అంటే మీ వల్ల వచ్చే ఉద్గారాల లెక్క చూసుకోండని మామూలు జనానికి మొదట ప్రచారం చేసినవాళ్లలో చమురు సంస్థ బీపీ ఉంది, 2004 ప్రాంతంలో. లెక్క మన ఒళ్లో పడేశాక చమురు బావి దగ్గర ఎవరూ అడగరు. హద్దు పెట్టాల్సింది బావి దగ్గర, గని దగ్గర, రేవు దగ్గర. చమురు, బొగ్గు దేశంలోకి వచ్చే దార్లు లెక్కపెట్టదగినన్నే. కోట్ల ఖాతాల కన్నా ఆ కొద్ది దార్లకు కాపలా పెట్టడం తేలిక. 1987 మాంట్రియల్ ఒప్పందం ఓజోన్ పొరను కాపాడింది అలాగే. ఓజోన్‌ను దెబ్బతీసే సీఎఫ్‌సీ రసాయనాల తయారీనే ఆపుకుంటూ వచ్చారు గానీ స్ప్రే డబ్బా కొన్నవాళ్లకు కోటాలు ఇవ్వలేదు.

#15 | పన్ను పంపిణీ
బట్టీ గారు చెప్పినదానికి రూపం కూడా ఉంది. ఐర్లండ్‌లో ఫీస్టా అనే సంస్థ ‘క్యాప్ అండ్ షేర్’ అని ప్రతిపాదించింది. హద్దు పైనే, ఇంధనం దేశంలోకి అడుగుపెట్టే చోట. దాన్ని అమ్మే హక్కుపత్రం మాత్రం పౌరులందరికీ సమానంగా. ఏడాదికోసారి పత్రం వస్తుంది, బ్యాంకులో అమ్ముకుంటాం, చమురు కంపెనీలు కొనుక్కోవాలి. రోజూ యూనిట్లు కోయడం, ఖాతా చూసుకోవడం ఏమీ ఉండదు. అలాస్కాలో 1982 నుంచి చమురు ఆదాయంలోంచి ప్రతి నివాసికీ ఏటా సమాన వాటా వస్తోంది. సమాన పంపిణీ ఆచరణలో కుదురుతుందనడానికి అది చాలు, దాని ఉద్దేశం వేరే అయినా. తాళంచెవి గారి బెంగ కూడా ఇందులో తీరిపోతుంది.

#16 | నీలిగోళం
ఇదే అసలైన ప్రశ్న అనుకుంటాను, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. బావి దగ్గర హద్దు పెట్టడాన్ని నేను వ్యతిరేకించను. హద్దు ఎక్కడ పెట్టినా టన్నులు అవే తగ్గుతాయి. తేడా మనిషి అనుభవంలో ఉంది. పైన హద్దు పెట్టి పత్రం అమ్ముకోమంటే, మామూలు మనిషికి కనబడేది మళ్లీ పెరిగిన ధరే. కెనడాలో జరిగింది అదే కదా. నా ఖాతాలో ఇన్ని యూనిట్లు ఉన్నాయి, పక్కింటివాళ్లకూ అన్నే, మంత్రికీ అన్నే, వచ్చే ఏడాది అందరికీ ఇంత తగ్గుతుంది అని కళ్లకు కనబడినప్పుడు ప్రవర్తన మారే తీరు వేరు. ఇంట్లో మాట్లాడుకుంటారు, ఇరుగుపొరుగు కలిసి ఒకే కారులో వెళ్తారు. ఫ్లెమింగ్ పట్టుబట్టింది ఈ ఉమ్మడి ప్రయోజనం గురించే. హద్దు ఇరవై ఏళ్ల ముందుగానే తెలియాలన్నది కూడా అందుకే. రేపు ఎంత తగ్గబోతోందో తెలిసినవాడు ఇవాళ కొనే హీటరును వేరేగా ఎంచుకుంటాడు.

ఫిన్లండ్‌లోని లాహ్తి నగరంలో సిటీక్యాప్ అనే ప్రయోగం జరిగింది. స్వచ్ఛందంగా చేరినవాళ్ల ప్రయాణాలను మాత్రమే ఫోన్ యాప్ లెక్కగట్టేది. ఎవరి పరిస్థితిని బట్టి వాళ్లకు కోటా, మిగిల్చినవాళ్లకు బస్సు టికెట్లలాంటి చిన్న ప్రతిఫలాలు. మధ్యలో కరోనా వచ్చి ప్రయాణాలే తారుమారయ్యాయి కాబట్టి దాన్నుంచి పెద్ద తీర్పులు తీయకూడదు. కానీ 2008లో ఖర్చు ఎక్కువ అన్న లెక్క, చేతిలో ఫోన్, ఇంటికి స్మార్ట్ మీటర్ వచ్చాక అలాగే ఉండదు. 2021లో ‘నేచర్ సస్టెయినబిలిటీ’ పత్రికలో కొందరు పరిశోధకులు ఈ ఆలోచనను మళ్లీ ముందుకు తెచ్చింది ఆ కారణంతోనే.

ఇక అమ్ముకునే హక్కు. యుద్ధకాలంలో కూపన్లు అమ్మడం నేరం, ఇక్కడ అమ్మకమే పునాది. డబ్బున్నవాడు కొనుక్కుని ఎగిరిపోతాడు కదా అని చాలామంది అంటారు. నిజమే, కొంటాడు. కానీ ఈ రోజు ఆయన ఎవరికీ ఏమీ ఇవ్వకుండానే ఎగురుతున్నాడు. రేపు ఆ ప్రయాణానికి కావలసిన యూనిట్లు తక్కువ వాడిన మనుషుల దగ్గర కొనాలి. వాళ్లు ఇస్తేనే ఉంటాయి, మొత్తం అంతే కాబట్టి. అమ్మకం నిషేధిస్తే దొంగబజారు పుడుతుంది, లాభం దళారి జేబులోకి పోతుంది. అయినా ఒక జాగ్రత్త కావాలంటాను. చేతిలో డబ్బు ఆడని మనిషి శీతాకాలపు యూనిట్లను వేసవిలోనే తెగనమ్ముకుని చలిలో కూర్చోకూడదు. వారం వారం కొన్ని యూనిట్లు వేసే పద్ధతి అందుకు పనికొస్తుంది.

#17 | నిర్వాహకులు
ఒక సభ్యుడు మరొకరి వృత్తి గురించి రాసిన వ్యాఖ్యను తీసేశాం. వాదన మీద ఎంతైనా మాట్లాడండి, మనిషి మీద వద్దు.

#18 | సగం భూమి
దేశం లోపల సమానత్వం గురించి ఇంత రాశారు. దేశాల మధ్య మాటేమిటి? 1991లో భారతీయ పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ సూటిగా అడిగారు, బతకడానికి వదిలే ఉద్గారాన్నీ విలాసానికి వదిలే ఉద్గారాన్నీ ఒకే గాటన కట్టడం ఏం న్యాయమని. అమెరికాలో తలసరి ఉద్గారం ఇవాళ్టికీ 14 టన్నుల దగ్గర, భారతదేశంలో సుమారు 2 టన్నులు. ధనిక దేశం తన పౌరులకు తలా పది టన్నుల కోటా ఇచ్చి సమానంగా పంచాం అనుకుంటే అది సరిహద్దు లోపలి సమానత్వమే. ఆబ్రీ మేయర్ ప్రతిపాదించిన ‘కుదింపు, కలయిక’ దీనికి జవాబు చెప్పాలని చూసింది. ప్రపంచ మొత్తం తగ్గుతూ పోవాలి, దేశాల తలసరి వాటాలు ఒక తేదీకల్లా ఒకే చోట కలవాలి. మనిషికింత అన్న సూత్రాన్ని నిజంగా నమ్మేవాళ్లు పాస్‌పోర్టు దగ్గర ఆగకూడదు.

#19 | రాత్రి డ్యూటీ
నీలిగోళం గారూ, చాలా రాశారు, చదివాను. ఆక్సిజన్ యంత్రం గురించి మాత్రం జవాబు రాలేదు.

#20 | నీలిగోళం
మీ ప్రశ్నకు నా జవాబు ఇది. వైద్య పరికరాల కరెంటును కోటా లెక్కలోకే రానివ్వకూడదు. రోగి ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, యంత్రం ఇచ్చే ఆసుపత్రే మీటరుకు నమోదు చేయాలి. ఆ టన్నులు ఆరోగ్య శాఖ వాటాలోంచి పోవాలి. గది వెచ్చదనం ఇంత తేలిక కాదు, దానికి యూనిట్లకన్నా గోడలు ముఖ్యం.

#21 | అద్దెకుంటున్నా
గోడలు ముఖ్యం అన్నారు కదా, నేను అడిగేదీ అదే. కోటాకు ముందు ఇళ్ల చట్టం రావాలి. ఇంత కనీస ఇన్సులేషన్ లేని ఇల్లు అద్దెకివ్వడానికి వీల్లేదని ఒక తేదీ పెట్టాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2018 నుంచి మరీ అధ్వానపు రేటింగ్ ఉన్న ఇళ్లను కొత్తగా అద్దెకివ్వకూడదన్న నిబంధన ఉంది, 2020లో పాత అద్దెలకూ వర్తించింది. కనీసం అలాంటిది. లేదా ఆ తేదీ దాటాక ఇంటి లోపం వల్ల పోయే యూనిట్లను ఓనరు ఖాతాలోంచి కోయాలి. నా అలవాట్ల లెక్క నేను చెప్తాను, దీపం ఆర్పుతాను, బస్సెక్కుతాను. పగిలిన కిటికీ చట్రం లెక్క ఎవరిదో అందులో ముందే రాసి ఉండాలి. ఆ ఒక్క వాక్యం చేరిస్తే రేపే సంతకం పెడతాను.

#22 | తెరిచిన కిటికీ
ఇళ్ల చట్టానికి నేనూ సంతకం పెడతాను. కోటాకు మాత్రం కాదు.